వరి చేను, రొయ్యల చెరువు, బీపీ మిషను: డెల్టాలో కూర్చుని పరిశోధనా పత్రాలు వెతికి తూచే పద్ధతి

గోదావరి డెల్టాలో పెద్ద ప్రశ్న ఏది తీసుకున్నా ఒక్క శాస్త్రం దగ్గర ఆగదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు, ఇటు ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు వరి చేలు చెరువులయ్యాయి. పక్క చేను రైతుకి తెలియాల్సింది ఊటతో పాటు ఉప్పు తన చేలోకి దిగుతోందా అని, భూమిని చెరువుకి కౌలుకిచ్చినాయనకి తెలియాల్సింది వరి వేసుకున్నదానికంటే నిజంగా ఎక్కువ మిగిలిందా అని, ఊళ్ళో ఆశా కార్యకర్తకి తెలియాల్సింది బోరు నీళ్ళు ఉప్పగా మారాక జనంలో బీపీలు పెరిగాయా అని. చెరువు ఒకటే, కానీ మొదటిది వ్యవసాయ పరిశోధన, రెండోది వ్యాపార, ఆర్థిక పరిశోధన, మూడోది వైద్యం. మూడింటి పత్రాలూ వేర్వేరు చోట్ల ఉంటాయి. అంతకంటే ముఖ్యం, "రుజువైంది" అని అనిపించుకోవడానికి ఒక్కో రంగం ఒక్కో రకం సాక్ష్యం అడుగుతుంది. ఇది తెలియకుండా చదివితే వైద్య పత్రాన్ని పొలం లెక్కల్లో, పొలం పత్రాన్ని వ్యాపారం లెక్కల్లో చదివి బోల్తా పడతాం.

పీజీ ప్రాజెక్టు నెత్తిమీద ఉన్నవాళ్ళు, రైతు సేవా కేంద్రాల్లో పనిచేసే కుర్రాళ్ళు, నర్సింగ్ విద్యార్థులు, ఊరికే తెలుసుకుందామనుకునే రైతులు, అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. ఫోను, నెట్టు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఈ చెరువు ప్రశ్ననే చివరిదాకా ఉదాహరణగా వాడతాను.

మెట్టు 1: ప్రశ్నను ముక్కలు చేయండి

"చెరువుల వల్ల లాభమా నష్టమా" అనేది రచ్చబండ మీద వాదించుకోవడానికి బాగుంటుంది గానీ దానితో వెతికితే ఏమీ దొరకదు, లేదా అన్నీ దొరుకుతాయి, రెండూ ఒకటే. వైద్య పరిశోధకులు పీకో అని ఒక పద్ధతి వాడతారు: ఎవరికి, ఏం జరిగితే, దేనితో పోలిస్తే, ఏ కొలతలో. మిగతా రంగాలకీ ఇది అచ్చంగా సరిపోతుంది.

వ్యవసాయానిది ఇలా వస్తుంది: చెరువు గట్టుని ఆనుకుని ఉన్న వరి చేలో, దూరంగా ఉన్న చేనుతో పోలిస్తే, మట్టిలో ఉప్పు శాతం, దాళ్వా దిగుబడి ఎంత తేడా? వ్యాపారానిది: భూమిని చెరువుకి కౌలుకిచ్చిన చిన్న రైతుకి, అదే ఆయకట్టులో వరి వేసుకుంటున్న రైతుతో పోలిస్తే, ఐదేళ్ళ మీద నికరంగా ఎంత మిగిలింది, కౌలు ఎగ్గొట్టిన ఏడాది ఉందా? వైద్యానిది: ఉప్పు బోరు నీళ్ళు తాగే పెద్దవాళ్ళలో, కాలవ నీళ్ళు శుద్ధి చేసుకుని తాగేవాళ్ళతో పోలిస్తే, సిస్టోలిక్ బీపీ (బీపీలో పై అంకె) ఎంత తేడా?

పీకోలోని నాలుగు ముక్కల్లో జనం ఎగరగొట్టేది మూడోదే, "దేనితో పోలిస్తే". దిగుబడి 20 శాతం పెరిగిందని ఎవరైనా చెబితే నోట్లోంచి ముందు రావాల్సిన మాట అదే.

మెట్టు 2: మాటల పట్టీ రాసుకోండి

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం తీసుకుని మన మాటకి పత్రాల్లో వాడే మాట రాసుకోండి. సార్వా, దాళ్వా అని పత్రాల్లో ఉండదు, ఖరీఫ్, రబీ అని ఉంటుంది, బంగ్లాదేశ్ పత్రాల్లో అయితే అమన్, బోరో అంటారు. స్వర్ణ అని వెతికితే కొన్ని వస్తాయి, ఎంటీయూ 7029 అని వెతికితే ఇంకొన్ని వస్తాయి, రెండూ వెతకాలి. సుడిదోమకి నీలపర్వత లూజెన్స్ అనే శాస్త్రీయ నామం కొడితే చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్ పత్రాలు కూడా దొరుకుతాయి. వీటన్నిటినీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

రొయ్యల దగ్గర అసలు తిరకాసు ఉంది. వనామీని కొంతమంది లిటోపెనియస్ వనామీ అని, కొంతమంది పెనియస్ వనామీ అని రాస్తారు, రెండూ ఒకే రొయ్య. రొయ్య ఎదుగుదల ఆపేసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి ఉంది కదా, దాని పూర్తి పేరు చాలాకాలం ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై, ఈమధ్య శాస్త్రవేత్తలు దాన్ని ఎసైటోన్యూక్లియోస్పోరా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. పాత పేరుతో మాత్రమే వెతికేవాడికి సరికొత్త పత్రాల్లో కొన్ని కనపడవు, కొత్త పేరుతో మాత్రమే వెతికేవాడికి పదేళ్ళ పని మొత్తం మాయమైపోతుంది.

ఊళ్ళ పేర్లూ అంతే. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది, అంతకుముందు పత్రాలన్నీ తూర్పు గోదావరి పేరు మీదే ఉంటాయి. రాజమండ్రికి పత్రాల్లో రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండు స్పెల్లింగులూ కనిపిస్తాయి. పొడి అక్షరాలతో కూడా జాగ్రత్త: రాజమండ్రిలో సీటీఆర్‌ఐ అంటే 1947లో పెట్టిన పొగాకు పరిశోధన సంస్థకి పాత పేరు, డాక్టర్లకి సీటీఆర్‌ఐ అంటే దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. గోదావరి డెల్టా మీద నేరుగా పత్రం లేకపోవచ్చు, కానీ మనలాంటి చోటు మీద ఉంటుంది. వరి, రొయ్య, ఉప్పు నీళ్ళు మూడూ కలిసే చోట్లు ఏవి? బంగ్లాదేశ్ నైరుతి తీరం, వియత్నాంలో మెకాంగ్ డెల్టా, ఇక్కడే కృష్ణా డెల్టా. ఆ పేర్లు కూడా పట్టీలో రాసుకోండి. మన ప్రశ్నకి సగం జవాబులు ఖుల్నా జిల్లాలో ఉన్నాయి.

మెట్టు 3: ఏ రంగానిది ఆ రంగపు చోట వెతకండి

గూగుల్ స్కాలర్‌తో మొదలుపెట్టండి, అక్కడే ఆగిపోవద్దు. అందులో మంచి పత్రం, చెత్త పత్రం, కాన్ఫరెన్స్ సావనీర్ అన్నీ కలిసే వస్తాయి. రెండు మూడు మాటలు కలిసి ఉండాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి, ఎడమ పక్కన సంవత్సరం పరిమితి పెట్టుకోండి.

వైద్యానికి పబ్‌మెడ్. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడుపుతుంది, పూర్తిగా ఉచితం. చాలా పత్రాలకి మెష్ అని విషయ సూచిక పదాలు తగిలిస్తారు. మీకు నచ్చిన ఒక పత్రం దొరికితే కిందకి వెళ్ళి ఆ మెష్ పదాలు చూసి, వాటితో మళ్ళీ వెతకండి, మొదటి వెతుకులాట కంటే ఇది రెండింతలు పనిచేస్తుంది. పక్కనున్న ఫిల్టర్లలో "సిస్టమాటిక్ రివ్యూ" (ఒక ప్రశ్న మీద వచ్చిన పత్రాలన్నీ ఒకచోట తూచి రాసినది) నొక్కి ముందు అవి చదవండి, ఎవరో ఏడాదిపాటు కూర్చుని చేసిన పని మనం మళ్ళీ చేయక్కర్లేదు.

వ్యవసాయానికి ఎఫ్‌ఏఓ వాళ్ళ అగ్రిస్, ఐసీఏఆర్ పత్రికల పోర్టల్, అన్నిటికంటే ముఖ్యంగా కృషికోశ్. ఇందులో వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంటాయి, మిగతా యూనివర్సిటీల పీహెచ్‌డీలకి శోధ్‌గంగ. థీసిస్ అంటే జనానికి చిన్నచూపు గానీ స్థానిక ప్రశ్నకి దాన్ని మించింది లేదు. పత్రికలో ఆరు పేజీలకి కుదించి రాసినదే థీసిస్‌లో రెండొందల పేజీలుంటుంది, వెనక అనుబంధంలో వారంవారం వాన, ఎండ లెక్కలు, ఒక్కో ప్లాటు దిగుబడి ఉంటాయి, పనిచేయని మందు పనిచేయలేదని కూడా రాసి ఉంటుంది. పత్రికలు అలాంటివి వేసుకోవు.

వ్యాపార, ఆర్థిక పత్రాలకి రెపెక్, ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్. ఈ రంగంలో పత్రిక అచ్చేసేలోపు ఏళ్ళు పట్టేస్తుంది కాబట్టి అందరూ ముందే వర్కింగ్ పేపర్‌గా పెట్టేస్తారు. పేరు మారిపోతుంది, కొన్నిసార్లు అంకెలూ మారిపోతాయి. చివరి వెర్షనే ఉదహరించండి. రొయ్యల ఎగుమతి లెక్కలకి ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ. వీటితో పాటు కోర్టు తీర్పులు కూడా చూడండి: 1996 డిసెంబర్‌లో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పులో నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వేసిన లాభనష్టాల అంచనా చర్చకి వచ్చింది. ఆ తీర్పు చదవకుండా ఈ విషయం మీద ఎకనామిక్స్ ప్రాజెక్టు రాసేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం.

మెట్టు 4: డబ్బు కట్టకుండా పూర్తి పత్రం

సారాంశం మాత్రమే చూపించి మిగతాదానికి డాలర్లు అడిగితే కట్టకండి. ముందు గూగుల్ స్కాలర్‌లో పత్రం కింద "ఆల్ వెర్షన్స్" నొక్కండి, రచయిత తన పేజీలో పెట్టిన పీడీఎఫ్ చాలాసార్లు అక్కడే ఉంటుంది. అన్‌పేవాల్ అని బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న సాధనం ఉంది, చట్టబద్ధంగా ఉచితంగా ఉన్న కాపీ ఉంటే చూపిస్తుంది. వైద్యానికైతే పబ్‌మెడ్ సెంట్రల్.

కేంద్ర ప్రభుత్వం 2024 నవంబర్ 25న "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకానికి ఆమోదం ఇచ్చింది. మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. ప్రభుత్వ విద్యాసంస్థలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్ళకే ఇది. కాకినాడ జేఎన్‌టీయూలోనో రంగరాయ వైద్య కళాశాలలోనో చదివేవాళ్ళు లైబ్రేరియన్‌ని అడిగి లాగిన్ తీసుకోండి. ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్ళకి ఆ దారి లేదు, వాళ్ళు రచయితకే ఈమెయిల్ రాయాలి. నాలుగు లైన్లు చాలు: నేను ఫలానా, ఫలానా ప్రశ్న మీద చదువుతున్నాను, మీ పత్రం కాపీ పంపగలరా. రచయితలు మామూలుగా సంతోషంగా పంపిస్తారు, తమ పత్రం ఎవరో చదువుతున్నారంటే ఎవరికైనా ఆనందమే.

మెట్టు 5: పత్రాన్ని ఏ వరసలో చదవాలి

మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుకుంటూ పోకండి. ముందు సారాంశం, తర్వాత నేరుగా పట్టికలు, బొమ్మలు, తర్వాత "పద్ధతులు" అనే భాగం, ఆ తర్వాత పరిమితులు, డబ్బు ఎవరిచ్చారు అనే చిన్న అక్షరాల పేరా. ముందుమాట, చర్చ చివరికి పెట్టుకోండి. చర్చ అనేది రచయిత మనల్ని ఒప్పించడానికి రాసేది, పట్టిక అనేది ఆయనకి దొరికినది. పట్టిక చూసి మీరే ఒక అభిప్రాయానికి వచ్చి, అప్పుడు ఆయన ఏమన్నాడో చదవండి. రెండూ కలవకపోతే అసలు పని అక్కడ మొదలవుతుంది.

మెట్టు 6: ఏ రంగానికి ఆ తూనిక

ముందు ఒక చిన్న చరిత్ర. లాటరీ వేసి పోల్చడం, అంటే ఏ మడికి ఎరువు వెయ్యాలో ఏ మడికి మానాలో మన ఇష్టంతో కాకుండా చీట్లు తీసినట్టు నిర్ణయించడం, పొలంలో పుట్టిన పద్ధతి. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ 1920లలో దాన్ని శాస్త్రంగా చేశాడు. అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళింది, 1948లో అచ్చైన క్షయ స్ట్రెప్టోమైసిన్ ట్రయల్ దానికి పెద్ద మైలురాయి. ఆ తర్వాత ఆర్థికశాస్త్రానికి వెళ్ళింది, 2019 నోబెల్ ఆ పనికే.

మళ్ళీ తిరిగి మన వరి దగ్గరికి ఎలా వచ్చిందో చూడండి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణలోకి ముంపు తట్టుకునే సబ్1 జన్యువుని ఎక్కించి స్వర్ణ సబ్1 తయారు చేశారు, మన దేశంలో 2009లో విడుదలైంది, రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. ఒడిశాలో ఆర్థికవేత్తలు ఏ ఊళ్ళకి ఈ విత్తనం ఇవ్వాలో లాటరీ వేసి, ఇచ్చిన ఊళ్ళని ఇవ్వని ఊళ్ళతో పోల్చారు. 2016లో అచ్చైన ఫలితంలో ఆసక్తికరమైనది దిగుబడి కాదు. ముంపు భయం తగ్గాక రైతులు ఎరువు ఎక్కువ వేశారు, ఎక్కువ నేల సాగు చేశారు, అప్పు కూడా ధైర్యంగా తీసుకున్నారు. విత్తనం మీద వ్యవసాయ పత్రం మాత్రమే చదివినవాడికి ఈ సగం తెలియదు.

ఇప్పుడు ఒక్కో తూనిక.

వ్యవసాయ పత్రంలో చూడాల్సింది: ఎన్ని రెప్లికేషన్లు (ఒకే ప్రయోగాన్ని ఎన్ని మడుల్లో మళ్ళీ చేశారు), ఎన్ని సీజన్లు, ఎన్ని చోట్లు, పరిశోధన కేంద్రంలోనా రైతు పొలంలోనా. ఒక్క సార్వాలో ఒక్క కేంద్రంలో చేసిన దాన్ని ఊరంతటికీ సలహాగా చెప్పకండి. పట్టిక కింద సీడీ (క్రిటికల్ డిఫరెన్స్, దీన్ని మించితేనే అసలైన తేడా) అని ఒక అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఒక రకం హెక్టారుకి 5.8 టన్నులు, ఇంకోటి 5.5 టన్నులు, సీడీ 0.4 అనుకోండి, ఆ రెండు రకాలూ సమానమే, మొదటిది గెలిచినట్టు కాదు. హెక్టారు లెక్కని మన లెక్కలోకి మార్చుకుంటే గానీ మనకి ఒంటపట్టదు: హెక్టారుకి 6 టన్నులంటే 2.47తో భాగిస్తే ఎకరానికి 2,430 కేజీలు, 75 కేజీల బస్తాల్లో 32 పైచిలుకు.

ఉప్పు సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలా ప్రాజెక్టు రిపోర్టులు ఇక్కడే పాడవుతాయి. వరి తట్టుకునే ఉప్పుకి ప్రపంచమంతా వాడే అంకె 1977లో మాస్, హాఫ్‌మన్ ఇచ్చినది: మట్టి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత కొలత) మీటరుకి 3 డెసీసీమెన్స్ దాకా దిగుబడి తగ్గదు, ఆ పైన ఒక్కో యూనిట్‌కి సుమారు 12 శాతం పోతుంది. బాగుంది. కానీ ఆ ఈసీ, మట్టిని నీళ్ళతో ముద్దలా తడిపి పిండగా వచ్చిన రసంలో కొలిచినది. మన భూసార పరీక్ష కేంద్రాల్లో మామూలుగా ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీళ్ళు కలిపి కొలుస్తారు. నీళ్ళు ఎక్కువ కలిస్తే ఉప్పు పలచబడి అంకె బాగా తక్కువ చూపిస్తుంది. కాబట్టి చీటీలో 1.5 అని ఉంటే "3 లోపే ఉంది, పర్లేదు" అనుకోవడానికి వీల్లేదు, అదే మట్టి రసంలో కొలిస్తే 3 దాటిపోవచ్చు. రెండు పద్ధతుల మధ్య మార్పిడి గుణకం నేల రకాన్ని బట్టి మారుతుంది, మన నల్ల బంకమట్టికి ఒకటి, సముద్రం వైపు ఇసుక నేలకి ఇంకొకటి. పత్రంలో ఈసీ అంకె కనపడగానే పద్ధతుల భాగానికి వెళ్ళి ఎలా కొలిచారో చూసి పక్కన రాసుకోండి. ఏ నెలలో నమూనా తీశారన్నది కూడా. కాలవలు పారుతున్నప్పుడు తీసిన మట్టి, కాలవలు కట్టేశాక మే ఎండలో తీసిన మట్టి ఒకే చేనువైనా ఒకటి కావు. నారు దశలోనూ పూత దశలోనూ వరి ఉప్పుకి ఎక్కువ దెబ్బతింటుంది, మధ్యలో కాస్త ఓర్చుకుంటుంది, అందుకే సగటు ఈసీ ఒక్కటే ఇచ్చే పత్రం మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

వైద్య పత్రంలో మొదటి ప్రశ్న: లాటరీ వేశారా, ఊరికే గమనించారా? ఉప్పు నీళ్ళు తాగమని ఎవర్నీ లాటరీ వేసి పంపలేం కాబట్టి ఈ విషయంలో దాదాపు అన్నీ గమనించిన పత్రాలే. అప్పుడు అడగాల్సింది, ఉప్పు బోరు నీళ్ళు తాగేవాళ్ళు మిగతావాళ్ళకంటే ఇంకెందులో వేరు? సముద్రానికి దగ్గర, డబ్బు తక్కువ, ఎండుచేపలు, పచ్చళ్ళు ఎక్కువ. వీటిని లెక్కలోంచి తీసేశారా లేదా?

బంగ్లాదేశ్ తీరంలోని దాకోప్‌లో గర్భిణుల మీద చేసిన పత్రం 2011లో వచ్చింది. ఎండాకాలంలో తాగునీటి నుంచే రోజుకి 5 నుంచి 16 గ్రాముల సోడియం ఒంట్లోకి పోతోందని, వానాకాలంలో అది 0.6 నుంచి 1.2 గ్రాములేనని అంచనా వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 2 గ్రాముల లోపు. ఇది చదివితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, ఇక వెతకాల్సింది ఏమీ లేదనిపిస్తుంది. కానీ 2019లో అదే ప్రాంతం నుంచి ఇంకో పత్రం వచ్చింది: కొద్దిగా ఉప్పగా ఉన్న నీళ్ళు తాగేవాళ్ళ మూత్రంలో సోడియం ఎక్కువే ఉంది, బీపీ మాత్రం మంచినీళ్ళు తాగేవాళ్ళకంటే స్వల్పంగా తక్కువ ఉంది. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం కూడా ఎక్కువ ఉండటం దీనికి కారణం కావచ్చని రచయితలు అన్నారు. మొదటిది గర్భిణుల మీద, రెండోది మామూలు జనం మీద, ఉప్పు మోతాదూ వేరు. రెండూ నిజమే కావచ్చు. ఒక్కదాన్నే పట్టుకుని పోస్టర్ రాసేవాళ్ళు పట్టించుకోని తేడా ఇది.

రెండో ప్రశ్న: కొలిచింది అసలు జబ్బా, దానికి గుర్తా? కొబ్బరి నూనె చూడండి. కోనసీమలో దాన్ని తలకి రాస్తారు గానీ కూరకి వాడరు, అయినా మన ఫోన్లకి దాని మహత్యం గురించి రోజూ మెసేజీలు వస్తూనే ఉంటాయి. 2020లో 16 ట్రయల్స్ కలిపి చేసిన విశ్లేషణలో, పొద్దుతిరుగుడు లాంటి నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ని డెసీలీటరుకి 10 మిల్లీగ్రాముల దాకా పెంచిందని, మంచి కొలెస్ట్రాల్‌ని కూడా 4 దాకా పెంచిందని తేలింది. అది కొలెస్ట్రాల్ మీద మాట, గుండెపోట్లు లెక్కపెట్టిన మాట కాదు. అయినా వాట్సాప్ మెసేజీ కంటే వెయ్యి రెట్లు గట్టి సాక్ష్యం.

మన జిల్లాల మీదే ఒక మంచి పత్రం ఉంది, మెడిసిన్ విద్యార్థులకి కూడా పెద్దగా తెలియదు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ వాళ్ళు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, లక్షా ఎనభై వేల జనాభాలో, జరిగిన ప్రతి మరణానికీ ఇంటికెళ్ళి కారణం అడిగి నమోదు చేశారు. 2006లో అచ్చైంది. గుండె, రక్తనాళాల జబ్బులే దాదాపు మూడో వంతు, అంటువ్యాధులు దానికి చాలా వెనక. పల్లెటూళ్ళో జబ్బంటే జ్వరాలే అనుకునే రోజుల్లో వచ్చిన పత్రం అది. బీపీ మీద ఏం రాసినా దీనితో మొదలుపెట్టండి.

వ్యాపార పత్రాలు ఎక్కువ మోసం చేస్తాయి, కావాలని కాదు, వాటి స్వభావం అది. చెరువుల లాభం మీద సర్వే అంటే సర్వే రోజున చెరువు నడుపుతున్నవాడినే అడుగుతారు. దివాలా తీసి, ఏరేటర్లు అమ్ముకుని హైదరాబాద్ వెళ్ళిపోయినవాడు శాంపిల్‌లో ఉండడు. ఏ ఏళ్ళు తీసుకున్నారన్నది ఇంకో పెద్ద గొయ్యి. 1994 చివర్లో తూర్పు తీరాన్ని వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు ఊడ్చేసింది, టైగర్ రొయ్య కూలింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ ఊపందుకుంది. 2010 నుంచి 2014 లెక్కలతో రాసిన పత్రం రొయ్యలంటే బంగారం అంటుంది, 1993 నుంచి 1997 తీసుకుంటే రొయ్యలంటే ఉరి అంటుంది. నికర లాభంలో ఇంటివాళ్ళ పని, సొంత భూమి కౌలు విలువ, చెరువుని మళ్ళీ చేనుగా మార్చే ఖర్చు వేశారో లేదో కూడా చూడండి. చివరిది వేసిన పత్రం నాకింతవరకూ కనపడలేదు.

లాటరీ వీలుకాని చోట ఆర్థికవేత్తలు తెలివిగా ఒక పని చేస్తారు, ఏదైనా మార్పు ఒక్కో ప్రాంతానికి ఒక్కోసారి వచ్చిన సందర్భం కోసం చూస్తారు. రాబర్ట్ జెన్సెన్ 2007లో రాసిన కేరళ జాలర్ల పత్రం దీనికి చక్కటి నమూనా. సెల్ టవర్లు 1997 నుంచి 2001 మధ్య ఒక్కో తీరానికి ఒక్కోసారి వచ్చాయి. ఫోన్లు వచ్చాక రేవు రేవుకీ ఉన్న ధర తేడాలు తగ్గిపోయాయి, చేపలు అమ్ముడుపోక పారేయడం ఆగింది, జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకి ధర 4 శాతం తగ్గింది. రొయ్యల కౌంట్ ధరల మీద, ఏజెంట్ల మీద పనిచేయాలనుకునే ఎంబీఏ విద్యార్థులు ముందు ఇది చదవాలి. దాని బదులు "మీరు సంతృప్తిగా ఉన్నారా" అని ఐదు గడుల ప్రశ్నాపత్రం తయారుచేసి తెలిసినవాళ్ళకి పంచి, వచ్చిన టిక్కులకి శాతాలు కడుతున్నారు. టిక్కు పెట్టడం వేరు, జేబులోంచి డబ్బు తీయడం వేరు.

మెట్టు 7: ముందుకీ వెనక్కీ నడవండి

ఒక మంచి పత్రం దొరికితే దాని చివర ఉండే రిఫరెన్సుల పట్టీ వెనక్కి తీసుకెళ్తుంది, గూగుల్ స్కాలర్‌లో "సైటెడ్ బై" అనేది ముందుకి తీసుకెళ్తుంది. ప్రాక్టీసుకి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పత్రంతోనే మొదలుపెట్టండి. ఫిస్క్, సుబ్బారావు, 1925, ఫాస్ఫరస్ కొలిచే రంగు పద్ధతి. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలవడానికి కనిపెట్టిన ఆ పద్ధతిని ఉదహరించిన పత్రాలు వేలల్లో ఉంటాయి. ఆ జాబితాలో మొక్కలు, నేల, చేపలు అని ఒక్కో మాట కలిపి వెతికి చూడండి, ఒక వైద్య పద్ధతి ఎక్కడెక్కడికి పాకిందో కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. బోదకాలుకి ఇప్పటికీ ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర వెనక కూడా ఉన్నది ఆయన బృందమే.

మెట్టు 8: పుచ్చు పత్రాలు ఏరేయండి

మూడు రోజుల్లో అచ్చేస్తాం, ఇంత ఫీజు కట్టండి అనే పత్రికలోది అయితే పక్కన పెట్టండి. ఒకే పత్రిక వ్యవసాయం, మేనేజ్‌మెంట్, నర్సింగ్, సివిల్ ఇంజనీరింగ్ అన్నీ వేస్తుంటే అనుమానించండి. నమ్మదగిన పత్రికలంటూ యూజీసీ ఇచ్చిన కేర్ జాబితా మీద ఆధారపడేవాళ్ళకి ఒక మాట, ఆ జాబితాని 2025లో ఆపేశారు, ఇప్పుడు ఎవరి జాగ్రత్త వాళ్ళదే.

పెద్ద పత్రిక అయినంత మాత్రాన గ్యారంటీ లేదు. 2020 మేలో లాన్సెట్‌లో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పత్రాన్ని రెండు వారాల్లోపే వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీదే రాసిన 2012 నాటి ఒక ప్రవర్తనాశాస్త్ర పత్రాన్ని, అందులోని బీమా డేటా కల్పితమని తేలాక, 2021లో ఉపసంహరించారు. కాబట్టి పత్రం పేరుని రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో ఒకసారి వేసి చూడటం అలవాటు చేసుకోండి, నిమిషం పని. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులైతే ఒక్కోదాని డీఓఐ నంబర్ (పత్రానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) తెరిచి పత్రం నిజంగా ఉందో లేదో చూడాల్సిందే. లేని పత్రానికి ఉన్న రచయిత పేరు పెట్టి చక్కగా ఇస్తుంది.

మెట్టు 9: ఒకే పట్టికలో మూడు రంగాలు

జోటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, పత్రాలన్నీ అందులో దాచుకోండి. దాంతోపాటు ఒక మామూలు ఎక్సెల్ షీటు తెరిచి ఒక్కో పత్రానికి ఒక్కో వరస: ఎక్కడ, ఏ ఏడాది, ఎవరి మీద, దేనితో పోల్చారు, ఎంత తేడా, ఎలా కొలిచారు, నాకున్న అనుమానం. చివరి గడి ఖాళీగా ఉందంటే ఆ పత్రం మీరు సరిగా చదవలేదని అర్థం.

రెండు పత్రాలు ఎదురుతిరిగితే సగటు తీయకండి. చోటు, కాలం, మనుషులు, కొలత, వీటిలో ఏది వేరో వెతకండి. మూడు రంగాలు ఎదురుతిరగడం ఇంకా మామూలు: కౌలుకిచ్చినాయనకి లాభం, పక్క చేనుకి నష్టం, తాగునీటి మీద ఇంకా తేలలేదు. అలాగే రాయండి. మూడింటినీ కలిపి ఒక తీర్పు చెప్పమని గైడు ఒత్తిడి చేసినా ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న వరస చెరిపేయకండి.

మెట్టు 10: తర్వాత మనుషుల దగ్గరికి

ఇంత చదివాక వెళ్ళి అడిగితే జవాబు వేరేగా వస్తుంది. వరికి మార్టేరు, ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం. కొబ్బరికి అంబాజీపేట పరిశోధన స్థానం, పండ్లకీ కూరగాయలకీ వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, ఆయిల్‌పామ్‌కి పెదవేగి. రొయ్యలకి కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ. "చెరువుల గురించి చెప్పండి" అనకుండా "ఈ పత్రంలో ఈసీని రసంలో కొలిచారు, మీ దగ్గర ఒకటికి రెండున్నరలో కొలుస్తారు, మన బంకమట్టికి ఏ గుణకం వాడతారు" అని అడగండి, కుర్చీ వేసి కూర్చోబెడతారు.

మీరే లెక్కలు సేకరించాలనుకుంటే, మట్టికి రైతు అనుమతి చాలు. పరిశోధన కోసం జనానికి బీపీ చూడాలంటే మాత్రం ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, సమ్మతి పత్రం వాళ్ళకి అర్థమయ్యే తెలుగులో ఉండాలి, బీపీ ఎక్కువ కనపడినవాళ్ళని ఎక్కడికి పంపాలో ముందే పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి. కౌలు లెక్కలు అడిగేటప్పుడు పేర్లు, సర్వే నంబర్లు రాసుకోకండి, ఊళ్ళో కౌలు గొడవలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కమిటీ అనుమతికి నెలలు పట్టొచ్చు కాబట్టి సంక్రాంతి లోపే దరఖాస్తు పెట్టండి, లేకపోతే కాలవలు కట్టేసి బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉండే ఏప్రిల్, మే నెలలు దాటిపోయి ఇంకో ఏడాది ఆగాల్సి వస్తుంది.